మెత్తటి మేపుల్ కుకీలు, మేపుల్ ఐసింగ్: ఇంట్లో చేసుకునే విధానం

కెనడాలో మేపుల్ కుకీ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది దుకాణాల్లో దొరికే గట్టి రకం. మేపుల్ ఆకు ఆకారంలో ఉన్న రెండు బిస్కెట్ల నడుమ తియ్యటి క్రీము పెట్టి అమ్ముతారు. ఇక్కడ నేను వివరించబోయేది ఇళ్లలో చేసుకునే మరో రకం. ఇందులో పిండిముద్దను చెంచాతో తీసి ట్రే మీద పెట్టి కాలుస్తారు. కాలిన కుకీ కేకుకూ బిస్కెట్‌కూ మధ్యస్థంగా ఉంటుంది. వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుంది, విరిస్తే పొడి రాలదు. దాని మీద మేపుల్ సిరప్‌తోనే చేసిన ఐసింగ్ పలుచటి పొరగా ఆరి ఉంటుంది.

ఈ కుకీలు సాధారణంగా రెండు విషయాల్లో దెబ్బతింటాయి. మొదటి రోజు మెత్తగా ఉన్నవి మర్నాటికి గట్టిపడతాయి, లేదా మెత్తగానే ఉన్నా మేపుల్ రుచి తెలియక ఒట్టి తీపి మాత్రమే మిగులుతుంది. ఎన్నో విడతలు చేసిన తరువాత నాకు అర్థమైనదేమిటంటే, మెత్తదనాన్ని నిర్ణయించేది ట్రేను ఓవెన్‌లోంచి బయటికి తీసే నిమిషం, మేపుల్ రుచిని నిలబెట్టేది ఐసింగ్. ముద్దలో కలిపిన సిరప్ సువాసన ఓవెన్ వేడికి చాలావరకు ఎగిరిపోతుంది. మిగిలినది వెన్న, గుడ్డు, మైదా రుచుల కింద అణిగిపోతుంది. అందుకని మరింత సిరప్ పోస్తే ముద్దలో నీరు పెరిగి కుకీలు అట్టుల్లా పరుచుకుంటాయి. ఈ విధానంలో ఉన్న సిరప్‌ను రెండు సమభాగాలు చేసి, ఒక భాగాన్ని పూర్తిగా ఐసింగ్ కోసం ఉంచుకుంటాము.

సిరప్ ఎంపిక

షుగర్ మేపుల్ అనే చెట్టు కాండానికి చిన్న రంధ్రం చేస్తే కారే పలుచటి రసాన్ని కాచి చిక్కబరిచినదే మేపుల్ సిరప్. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు, రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగి, పగలు సున్నా దాటే రోజుల్లో ఈ రసం కారుతుంది. ఉత్తర అమెరికాకు ఐరోపావాసులు రాకముందే అక్కడి ఆదివాసులు దీనిని కాచి చక్కెర చేసుకునేవారు. నేడు ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో సుమారు 70 శాతం కెనడాలోని క్యూబెక్ నుంచి వస్తుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానిది మొదటి స్థానం. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట కాసేపు నిలబడి చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. వెడల్పాటి పాత్ర, కింద మంట, పైన దట్టమైన ఆవిరి అక్కడా ఉంటాయి. అయితే చెరకు రసంతో పోలిస్తే మేపుల్ రసంలో చక్కెర చాలా తక్కువ, సుమారు 2 శాతం మాత్రమే. దాదాపు 40 లీటర్ల రసం కాచితేగాని ఒక లీటరు సిరప్ రాదు, అందుకే దాని ధర అంత ఎక్కువగా ఉంటుంది. నీరు మరిగే వేడి కంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్ పైకి చేరగానే కాచడం ఆపేస్తారు. మన వంటింటి భాషలో చెప్పాలంటే అది తీగపాకం రాకముందు ఉండే జిగురు పాకం, అందులో మూడో వంతు నీరే. ముద్దలోకి సిరప్‌ను కొలత మించి పోయకూడదని చెప్పడానికి కారణం ఈ నీరే.

సీసా మీద రంగు పేరు చూసి కొనడం ముఖ్యం. అమెరికాలో 2015 నుంచి అమలులో ఉన్న వర్గీకరణలో గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్ అని నాలుగు రకాలు ఉన్నాయి. కెనడాలోనూ ఈ పేర్లే వాడతారు. నాలుగూ గ్రేడ్ ఎ కిందికే వస్తాయి కాబట్టి, ఆ ఒక్క మాట చూసి సీసా తీసుకుంటే ఉపయోగం లేదు. సీజన్ తొలి రోజుల్లో కాచిన సిరప్ సాధారణంగా లేత రంగులో, సున్నితమైన రుచితో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ రంగు ముదిరి, రుచి గాఢమవుతుంది. లేత సిరప్ పాన్‌కేకుల మీద పోసుకోవడానికి చాలా బాగుంటుంది గాని కుకీలో దాని ఉనికే తెలియదు. ఈ వంటకానికి డార్క్ రకమే తీసుకోవాలి. వెరీ డార్క్ దొరికితే నేను దానినే ఎంచుకుంటాను. పాత వంట పుస్తకాల్లో గ్రేడ్ బి సిరప్ వాడమని ఉంటే, ఇప్పటి సీసాల్లో దానికి దగ్గరగా వచ్చేవి ఈ ముదురు రకాలేనని గ్రహించాలి.

పాన్‌కేక్ సిరప్ పేరుతో అమ్మేది వేరే పదార్థం. అందులో ఎక్కువగా ఉండేది మొక్కజొన్న నుంచి తీసిన తీపి పాకం, రంగు, కృత్రిమ సువాసన. సీసా ఆకారం, మూత, ఆకు బొమ్మ అన్నీ ఒకేలా ఉండడంతో మొదటిసారి నేను దానినే కొని తెచ్చాను. ఐసింగ్ రాత్రంతా ఆరక జిగటగానే మిగిలిపోయింది, రుచి కూడా మందు సిరప్‌ను తలపించింది. లేబుల్ వెనక పదార్థాల జాబితాలో మేపుల్ సిరప్ అన్న ఒక్క పేరు తప్ప మరేమీ లేకపోతేనే అది అసలైనది. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో పెద్ద దుకాణాల దిగుమతి సరుకుల అరల్లో వెతికేటప్పుడూ ఇదే పరీక్ష పనికివస్తుంది.

తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఈ సువాసనలో ఉంది. మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే సోటోలోన్ అనే పదార్థమే మేపుల్ సిరప్ వాసనలోనూ ఉంటుంది. కృత్రిమ మేపుల్ ఎసెన్సుల తయారీలో మెంతుల సారాన్ని వాడేది ఇందుకే. న్యూయార్క్ నగరాన్ని కొన్నేళ్లపాటు అప్పుడప్పుడు మేపుల్ వాసన ముంచెత్తి జనాన్ని కలవరపెట్టగా, నది అవతల న్యూజెర్సీలో మెంతులను శుద్ధి చేసే ఒక కర్మాగారం నుంచి ఆ వాసన వస్తున్నదని 2009లో నగర మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ ప్రకటించారు. కాబట్టి ముదురు సిరప్‌ను వేడి చేసేటప్పుడు గిన్నెలోంచి వేయించిన మెంతుల వాసన లీలగా తగిలితే, పోపులపెట్టె వాసన అంటుకుందేమోనని అనుమానపడనవసరం లేదు. ఎసెన్సు వాడదలచినవారు దానిని ఐసింగ్‌లో మాత్రమే, అది కూడా రెండు మూడు చుక్కలకు మించకుండా వేయాలి. ఎక్కువైతే చేదు తెలుస్తుంది.

కొలతలు

ఈ కొలతలకు సుమారు 24 కుకీలు వస్తాయి. ఉప్పులేని బటర్ 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, మేపుల్ సిరప్ 80 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, పుల్లటి మీగడ, అంటే సోర్ క్రీమ్, 80 గ్రాములు, వెనిల్లా ఎసెన్సు ఒక టీస్పూను, మైదా 280 గ్రాములు, వంటసోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను. ఐసింగ్‌కు విడిగా ఉప్పులేని బటర్ 30 గ్రాములు, మేపుల్ సిరప్ మరో 80 మిల్లీలీటర్లు, ఐసింగ్ షుగర్ 130 గ్రాములు, ఉప్పు చిటికెడు సిద్ధం చేసుకోవాలి. ఇష్టమైనవారు పైన చల్లడానికి ఒక గుప్పెడు పీకన్ పప్పులను గాని, అక్రోట్లను గాని దోరగా వేయించి తరిగి పెట్టుకోవచ్చు.

సోర్ క్రీమ్ దొరకని చోట, పులవని చిక్కటి పెరుగును పలుచటి గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, నీరంతా కారిన తరువాత మిగిలినదానిని అదే తూకంలో వాడవచ్చు. నీళ్ల పెరుగు మాత్రం వేయకూడదు. ఈ పుల్లదనం రుచి కోసం మాత్రమే కాదు. సిరప్‌లో పులుపు దాదాపు ఉండదు కాబట్టి వంటసోడా పని చేయడానికి కావలసిన ఆమ్లం పెరుగు నుంచి, బ్రౌన్ షుగర్‌లోని మొలాసిస్ అనే చెరకు మడ్డి నుంచి అందుతుంది. ఆ మొలాసిస్ తేమను పట్టి ఉంచే గుణం కలది, కనుక బ్రౌన్ షుగర్ బదులు తెల్ల చక్కెర వేస్తే కుకీ కరకరలాడే వైపు జరుగుతుంది. బెల్లం పొడి వాడితే కుకీ మెత్తగానే వస్తుంది, రుచి కూడా బాగుంటుంది, అయితే బెల్లం ఘాటు ముందు మేపుల్ నిలవదు. దానిని బెల్లం కుకీగా విడిగా చేసుకోవడమే న్యాయం.

గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు నీరు కార్చిన పెరుగును మరో 50 గ్రాములు కలుపుకోవచ్చు. కుకీ కొంచెం బరువుగా, కాస్త తక్కువ పొంగుతో వస్తుంది గాని మెత్తదనానికి లోటు ఉండదు.

మైదాను తప్పనిసరిగా తూకం వేయాలని నా మనవి. కప్పును నేరుగా డబ్బాలో ముంచి నొక్కి తీసిన మైదాకూ, చెంచాతో వదులుగా కప్పులో నింపిన మైదాకూ తేడా 20 గ్రాములు సులభంగా దాటుతుంది. రెండు కప్పులకు పైగా పిండి పట్టే ఈ వంటకంలో ఆ తేడా 40, 50 గ్రాములై కూర్చుంటుంది. ఎండిపోయిన మేపుల్ కుకీలకు కారణం వెతికితే, చాలాసార్లు అది ఓవెన్ దగ్గర కాక ఈ కప్పు దగ్గరే దొరుకుతుంది.

ముద్ద కలపడం

బటర్‌ను ముందుగా ఫ్రిజ్‌లోంచి తీసి, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడనివ్వాలి, కరగనివ్వకూడదు. చలిదేశాల్లో శీతాకాలపు వంటింట్లో దీనికి గంటన్నర కూడా పట్టవచ్చు, మే నెలలో తెలంగాణలో పది నిమిషాలు చాలు. బటర్, బ్రౌన్ షుగర్ కలిపి రెండు మూడు నిమిషాలు రంగు కొంత తేలే వరకు గిలకొట్టిన తరువాత, గుడ్డు, సిరప్, వెనిల్లా, చివరగా సోర్ క్రీమ్ ఒకదాని తరువాత ఒకటి చేర్చాలి. ఈ దశలో మిశ్రమం విరిగినట్లు కనిపించవచ్చు. మైదా పడగానే అది సర్దుకుంటుంది. మైదా, వంటసోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి, రెండు విడతలుగా వేసి, పొడి పిండి కనబడకుండా పోయే వరకు మాత్రమే గరిటెతో కలపాలి. చపాతీ పిండిలా మర్దించినా, మిక్సర్‌ను ఎక్కువసేపు తిప్పినా మైదాలోని గ్లూటెన్ అనే జిగురు బలపడి కుకీ సాగుతుంది.

ముద్ద ఇప్పుడు చేతికి అంటుకునేంత జిగటగా ఉంటుంది. అది చూసి కంగారుపడి మరో రెండు చెంచాల మైదా చేర్చడం చాలామంది చేసే పొరపాటు. ముద్ద అలాగే ఉండాలి. గిన్నెకు మూత పెట్టి కనీసం ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచితే బటర్ గట్టిపడి, మైదా తడిని పీల్చుకుని, ముద్ద చెంచాకు లొంగుతుంది. వేసవిలో రెండు గంటలు ఉంచడం మంచిది. రాత్రి కలిపి పెట్టి మర్నాడు కాల్చినా రుచి మెరుగుపడుతుందే తప్ప తగ్గదు.

కాల్చడం

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, పదిహేను నిమిషాలపాటు వేడి చేయాలి. మన ఇళ్లలో వాడే ఓటీజీ అయితే పై రాడ్, కింది రాడ్ రెండూ వెలిగించి, ట్రేను నడిమి అరలో పెట్టాలి. ఫ్యాన్ వాడేవారు వేడిని 15 డిగ్రీలు తగ్గించుకోవాలి. ఓవెన్ మీటలో చూపే వేడికీ లోపలి వేడికీ తేడా ఉండడం మామూలే, కాబట్టి లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కోవడం ఈ కుకీలకే కాక ప్రతి వంటకానికీ పనికివచ్చే ఖర్చు.

ట్రేలో బటర్ పేపర్ పరిచి, ఒక్కొక్కటి సుమారు 30 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత ముద్దలను, రెండేసి అంగుళాల ఎడంతో పెట్టాలి. ట్రేకు నూనె పూయకూడదు; పూస్తే ముద్ద జారి పలుచబడుతుంది. ఒక విడత కాలుతున్నంతసేపు మిగిలిన ముద్ద ఫ్రిజ్‌లోనే ఉండాలి, రెండో విడతను ఇంకా వేడిగా ఉన్న ట్రే మీద పెట్టకూడదు. ఈ రెండు జాగ్రత్తలూ పాటించనప్పుడు మొదటి విడత గుండ్రంగా, రెండో విడత పలుచగా వచ్చి, తప్పు ఎక్కడ జరిగిందో తెలియక ఇబ్బంది పడవలసి వస్తుంది.

కాలడానికి పట్టే సమయం 10 నుంచి 12 నిమిషాలు. తొమ్మిదో నిమిషం నుంచి ఓవెన్ ముందు నిలబడి చూడాలి, ఎందుకంటే వంటకం మొత్తంలో అసలైన నిర్ణయం ఇక్కడే ఉంది. అంచుల కింద సన్నటి బంగారు గీత కనిపించాలి. పైభాగంలో తడి మెరుపు పోవాలి. నడిమి భాగం మాత్రం ఇంకా లేతగా, కాలనట్లుగానే కనబడుతుంది. వేలితో సుతారంగా తాకితే కొద్దిపాటి గుర్తు పడుతుంది. సరిగ్గా అప్పుడే ట్రేను బయటికి తీయాలి. పైభాగమంతా ఎర్రబడే దాకా ఆగితే ఆ రంగు చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, లోపలి తేమ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ట్రే బయటికి వచ్చిన తరువాత కూడా దాని వేడికి కుకీ మరో నాలుగైదు నిమిషాలు కాలుతూనే ఉంటుంది, నడిమి భాగం ఆ వేడితోనే పూర్తవుతుంది. మొదటిసారి చేసేవారు రెండు కుకీలను మాత్రమే ముందుగా కాల్చి, చల్లారిన తరువాత విరిచి చూసుకుంటే, తమ ఓవెన్‌కు పది నిమిషాలు కావాలో పదకొండు కావాలో తేలిపోతుంది. ఆ సంఖ్యను ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి.

ఐదు నిమిషాల తరువాత కుకీలను జాలీ స్టాండు మీదికి మార్చి పూర్తిగా చల్లారనివ్వాలి. వెచ్చగా ఉండగా ఐసింగ్ వేస్తే అది కరిగి పక్కలకు కారిపోతుంది.

ఐసింగ్

మందపాటి అడుగున్న చిన్న గిన్నెలో 30 గ్రాముల బటర్‌ను సన్నటి మంట మీద కరిగించి, నురుగు తగ్గి, అడుగున ఉన్న పాల రేణువులు తేనె రంగుకు మారే దాకా కాచాలి. నెయ్యి కాచే అలవాటు ఉన్న చేతికి ఇది వివరించనవసరం లేదు. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చే క్షణమే గుర్తు. ఈ వేయించిన బటర్‌ను ముద్దలో వాడకపోవడానికి కారణం ఉంది: కాచడంలో బటర్‌లోని నీరు ఆవిరైపోతుంది, ముద్ద మెత్తగా రావడానికి ఆ నీరు కూడా అవసరమే. ఐసింగ్‌లో ఆ ఇబ్బంది లేదు, పైగా వేగిన పాల వాసన ముదురు మేపుల్ రుచిని ఇంకా పైకి తెస్తుంది.

మంట ఆపి, అర నిమిషం ఆగి, 80 మిల్లీలీటర్ల సిరప్‌ను నెమ్మదిగా పోయాలి. వేడి బటర్ మీద పడగానే చిందుతుంది, కాబట్టి గిన్నెకు కొంచెం దూరంగా నిలబడాలి. మళ్లీ సన్నటి మంట మీద పెట్టి, ఒక్క పొంగు రాగానే దించేయాలి. ఇక్కడ పాకం పట్టకూడదు. అరిసెల పాకంలా ముదరనిస్తే చల్లారిన ఐసింగ్ గట్టి పెంకులా తయారై, కొరికినప్పుడు పలకలుగా ఊడివస్తుంది. దించిన తరువాత చిటికెడు ఉప్పు కలిపి, జల్లించిన ఐసింగ్ షుగర్‌ను మూడు విడతలుగా వేస్తూ ఉండలు లేకుండా కలపాలి. ఐసింగ్ షుగర్ గడ్డకట్టకుండా ఉండడానికి అందులో కొద్దిగా మొక్కజొన్న పిండి కలిపి అమ్ముతారు. చల్లటి సిరప్‌లో కలిపితే ఆ పచ్చి పిండి రుచి నాలుకకు తెలుస్తుంది, వేడి సిరప్‌లో అది చాలావరకు పోతుంది. ఇంట్లో మిక్సీ పట్టిన చక్కెర వాడేవారు సన్నటి జల్లెడలో రెండుసార్లు జల్లించినా కొంత గరుకుదనం మిగిలే అవకాశం ఉంది.

గరిటె ఎత్తితే ఐసింగ్ పట్టీలా జారి, గిన్నెలో పడిన తరువాత ఆ గీత నాలుగైదు సెకన్లు నిలిచి కలిసిపోవాలి. అంతకంటే పలుచగా ఉంటే రెండు నిమిషాలు చల్లారనివ్వాలి, వెంటనే చక్కెర చేర్చకూడదు. చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. పని మధ్యలో బిగిసిపోతే ఒక చెంచా వేడి నీళ్లు చేర్చి కలిపితే మళ్లీ జారుతుంది. కుకీని తలకిందులుగా పట్టుకుని పైభాగాన్ని మాత్రం ఐసింగ్‌లో ముంచి, ఎత్తి, ఒకసారి విదిలించి, తిప్పి స్టాండు మీద పెడితే అంచుల దాకా సమానంగా పరుచుకుంటుంది. చెంచాతో గీతలుగా పోయడం చూపుకు అందమే అయినా, ప్రతి కొరుకులో మేపుల్ రుచి అందాలంటే ముంచడమే నాకు సరైనదిగా తోస్తుంది. తరిగిన పప్పులు చల్లదలచుకుంటే ఐసింగ్ మెరుస్తూ ఉన్న మొదటి నిమిషంలోనే చల్లాలి, పొర కట్టిన తరువాత అవి అంటుకోవు.

ఐసింగ్ ఆరడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. విశాఖ వంటి సముద్రతీర నగరాల్లో, వానాకాలంలో, గాలిలోని తేమను చక్కెర పీల్చుకుని పొర పూర్తిగా ఆరకపోవచ్చు. అటువంటి చోట్ల కుకీలను ముందు రోజు కాల్చి డబ్బాలో ఉంచుకుని, వడ్డించే రోజున మాత్రమే ఐసింగ్ వేయడం మేలు.

నిల్వ

ఆరిన కుకీలను గాలి చొరని డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపర్ వేసి పెడితే మామూలు వాతావరణంలో మూడు నాలుగు రోజులు మెత్తగా ఉంటాయి. తెరిచిన సిరప్ సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట ఉంచితే పైన బూజు పడుతుంది. అన్నీ ఒకేసారి అవసరం లేకపోతే, ముద్దలను ఉండలుగా చేసి ట్రే మీద గట్టిపడనిచ్చి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో రెండు నెలల వరకు దాచవచ్చు. కావలసినప్పుడు వాటిని కరగనివ్వకుండా నేరుగా ట్రే మీద పెట్టి, మామూలు సమయానికి ఒకటి రెండు నిమిషాలు చేర్చి కాల్చి, ఐసింగ్‌ను మాత్రం ఎప్పటికప్పుడు ఆ కుకీలకు సరిపడినంతే తాజాగా చేసుకోవాలి.